మట్టి తొక్కే బొమ్మ

పైడమ్మని ఒకావిడ ఉండీది, కుమ్మరోళ్ల ఆడమనిషి. మొగుడు సన్యాసి సారె తిప్పి కుండలు చేసీవోడు, ఈవిడ బొమ్మలు చేసీది. దసరాకి కరణంగారింట్లో తొమ్మిది మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టీవోరు కదా, ఆ మెట్ల మీద కూచునీ దేవుళ్లూ దేవతలూ అందరూ ఈవిడ చేతిలోంచి వచ్చినోళ్లే అనుకో. ఊరికే వస్తారేటి? ఏటి గట్టున బంకమట్టి తవ్వి తేవాలి, రాళ్లూ వేళ్లూ ఏరాలి, నీళ్లు చల్లి, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, పొద్దున్నుంచి మజ్జాన్నం దాకా కాళ్లతో తొక్కాలి. తొక్కి తొక్కి వెన్నలాగ అయితేనే బొమ్మకి ముక్కూ మొహం నిలబడతాది. చేత్తో పిసికితే చాలదా అంటారేమో, పిసికి చూడండి, తెలుస్తాది.

ఆ యేడు ఏమైందంటే, కరణంగారి పెళ్లాం విశాలాక్షమ్మ కబురెట్టి పిలిపించింది. పట్నం నుంచి మా పుట్టింటోళ్లు వస్తన్నారే పైడీ, ఈసారి దేవుళ్లతో పాటు మనూరు ఊరంతా కొలువులో ఉండాలి, చాకలీ మంగలీ సాలీ ఒక్కరు తప్పకూడదు అందంట. సరే అమ్మా అని వచ్చేసింది ఈవిడ. భాద్రపదంలో వానలు తెలుసు కదా, ఎండ మొహమే లేదు. చెమ్మ ఆరకుండానే కాల్చబోతే చేసింది చేసినట్టు పగిలిపోయీది. రామయ్యకి చెయ్యి ఊడింది, ఏనుగుకి తొండం రాలిపోయింది. అవి ఒక మూల పెట్టి మళ్లీ చేసీది, మళ్లీ పగిలీది, మళ్లీ చేసీది. అలాగ నెల్లాళ్లు పడి మొత్తం ఊరంతా చేసింది. గాడిదతో చాకలి, కత్తుల పొదితో మంగలి, మగ్గం గుంటలో సాలి, కలం పట్టిన కరణంగారు. ఆఖర్న సారె ముందు కూచున్న కుమ్మరి, పక్కన చీర ఎగ్గట్టి మట్టి తొక్కుతున్న కుమ్మరి పెళ్లాం, రెండూ ఒకే పీట మీద. ఊరంతా అన్నాక ఆళ్లు మాత్రం ఊళ్లోవోళ్లు కారా? ఆ తొక్కే ఆడమనిషికి మాత్రం తన మొహమే పెట్టిందంట. సన్యాసి చూసి, ముక్కు కూడా నీదేనే అని నవ్వాడంట.

పాడ్యమినాడు బొమ్మలన్నీ గంపల్లో మోసుకెళ్లి ఇచ్చేసింది. సప్తమి నాడు సాయంత్రం పేరంటం అవుతా ఉంటే, నా బొమ్మలు ఎలాగ కూచున్నాయో కళ్లారా చూసుకుందామని ఉతికిన చీర కట్టుకుని ఎల్లింది. ఎల్లి, ఎక్కడ నిలబడిందనుకుంటన్నారు? వాకిట్లో. ఆవిడ చేసిన లక్ష్మీదేవి పై మెట్టు మీద పట్టుబట్ట పరిచిన పీట మీద కూచుంది, చేసినావిడ మాత్రం గుమ్మం దాటకూడదు. దాటకూడదంటే ఈవిడా దాటలేదు, అలవాటే. మెడ సాచి ఒక్కొక్క మెట్టూ చూసింది. చాకలి ఉన్నాడు, గాడిద కూడా ఉంది. మంగలి ఉన్నాడు. కుమ్మరి లేడు, కుమ్మరి పెళ్లామూ లేదు. మళ్లీ మొదట్నుంచి చూసింది. లేరు.

అమ్మా, మా ఆలూమగల బొమ్మ కనపడలేదేటి అని అడిగింది. విశాలాక్షమ్మ పళ్లెంలో శనగలు పంచుతూ, అదా, తీయించేశానే, ఆ ఆడమనిషి కాళ్లతో మట్టి తొక్కుతోంది, దేవుళ్లకి ఎదురుగా తొక్కుడేమిటి, అపచారం కాదూ, పెరట్లో పెట్టించాను పట్టుకుపో అందంట. ఎంత తేలిగ్గా అందో చూడండి. గాడిదకి లేని అపచారం ఈవిడ కాళ్లకి వచ్చింది. పైడమ్మకి చెవులు వేడెక్కిపోయాయంట. అయినా నెమ్మదిగానే, అమ్మా, ఆ పై మెట్టు మీద లక్ష్మీదేవిని కూడా ఈ కాళ్లతో తొక్కిన మట్టితోనే చేశాను, మరి ఆవిణ్ణి ఎక్కడ పెడతారు అని అడిగింది. పట్నం నుంచి వచ్చిన పేరంటాళ్లు శనగలు నమలడం ఆపేశారు. నోరు లేస్తోందే నీకు, పెరటి దారిన ఎల్లు అందంట విశాలాక్షమ్మ.

పెరట్లోకి ఎల్తే, కట్టెల కొట్టు పక్కన మెట్టు మీద కరణంగారి తల్లి సోమిదేవమ్మ ఒక్కతీ కూచుని ఉంది. మొగుడు పోయిన మనిషి కదా, తెల్లచీర, ముసుగు. పేరంటాళ్లకి ఎదురు రాకూడదని పొద్దున్నే అక్కడికి పంపించేశారు. ఆ బొమ్మ ఆవిడ ఒళ్లో ఉంది. అంటుకున్న కట్టెల పొట్టు కొంగుతో తుడుస్తా ఉంది. కట్టెల మీద పడేశారే, మొహం నీలాగే ఉంది అంది. నాదేనమ్మా అంది పైడమ్మ. అప్పుడా ముసలావిడ, ఈ ఇంట్లో కొలువు మొదలెట్టింది నేనే, ఏడు బొమ్మలతో, కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఇప్పుడు లోపల పాడతా ఉంటే ఇక్కడ గోడకి చెవి పెట్టుకుని వింటున్నాను అంది. ఏడవలేదంట, ఊరికే చెప్పింది. పైడమ్మ లోపల ఇందాకటి నుంచి రగులుతున్నది ఒక్కసారి పైకొచ్చింది. అయితే రేపు మా ఇంటికి రండమ్మా, మా అరుగు మీద కొలువు పెడతన్నాను అనేసింది. అన్నాక గానీ తనకే తెలీలేదు, తను కొలువు పెడతందని.

ఇంటికొచ్చి అరుగు మీద పలకలు పేర్చి, పాతచీర పరిచి, పగిలిన బొమ్మలన్నీ పెట్టింది. చెయ్యిలేని రామయ్య, తొండంలేని ఏనుగు, మెడ చీలిన చిలక. పైన మాత్రం ఆలూమగల బొమ్మ. దేవుళ్ల మీద మనల్ని పెడతావేటే, కోపం వస్తాదేమో అన్నాడు సన్యాసి. నెల్లాళ్లు తొక్కాను, అప్పుడు రాని కోపం ఇప్పుడెందుకు వస్తాది అంది. మర్నాడు ఇంటింటికీ ఎల్లి పిలిచింది, చాకలామెనీ మంగలామెనీ, మాలపల్లె వాళ్లనీ, మొగుళ్లు పోయినోళ్లనీ, జన్మలో ఎవరూ పేరంటానికి పిలవనోళ్లందర్నీ. మునుపు తను కూడా మాలపల్లె వైపు అడుగెయ్యలేదు, అదీ చెప్పాలి కదా.

సోమిదేవమ్మ కర్ర పట్టుకుని, పట్టపగలు, నడివీధిలో నడుచుకుంటా వచ్చింది. వచ్చి అరుగెక్కి కూచుంది. పైడమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి కాళ్లకీ రాస్తా ఆవిడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణానికీ తర్వాత ఎన్నాళ్లో తనని తాను తిట్టుకుందంట. ముసలావిడ కాళ్లు ముందుకు చాపింది. పైడమ్మ కూచుని మడమల దాకా పసుపు రాసింది. ఈలోగా కరణంగారి పాలేరు పరిగెత్తుకొచ్చాడు, అమ్మగారు మిమ్మల్ని తక్షణం రమ్మంటున్నారండీ అని. సోమిదేవమ్మ చేతిలో శనగలు పట్టుకుని, హారతి అవ్వలేదురా, పేరంటం మధ్యలో లేచి రాకూడదని మీ అమ్మగారే చెప్తుంటుంది, అయ్యాక వస్తానని చెప్పు అంది.

తర్వాతేమైందంటారా? మరుసటేడు నుంచి కరణంగారింటికి బొమ్మలు ఎక్కడ్నుంచో బండి మీద వచ్చాయి, పైడమ్మకి పని పోయింది. సన్యాసి కుండల మీదే బతికారు, గంజి తాగిన రోజులూ ఉన్నాయి. అయినా అరుగు మీద కొలువు మానలేదు. సోమిదేవమ్మ బతికున్నన్నాళ్లూ అష్టమికి వచ్చి కూచునీది. ఆవిడ పోతే పోయిందేమో గానీ, పేరంటానికి ఎవరూ పిలవని మనిషిగా మాత్రం పోలేదు.

ఇదీ జరిగింది. నువ్వు రాసుకుంటన్నావు కదా, సరిగ్గా రాసుకో. ఈ కథ చెప్పీవోళ్లందరూ ఎవరో పెద్దింటావిడ అని చెప్పి ఊరుకుంటారు, మొహమాటం. పైడమ్మకి పేరుండి, ఆవిడకి లేకపోడమేటి? విశాలాక్షమ్మ. వత్తులూ గిత్తులూ చూసుకుని, తప్పు లేకుండా రాయి.