శోభన్ సింగు తీసిన ఫొటోలు

ఫొటోలా? ఆయ్, ఇవాళ పిల్లలు రారని నాకు తెలుసండి. నిన్న సాయంత్రం మీరు బోర్డు మీద "రేపు అందరికీ ఫొటోలు, శుభ్రంగా తలదువ్వుకుని రావలెను" అని రాసినప్పుడే అనుకున్నాను, ఈవిడ కొత్తగా వచ్చేరు, ఈ ఊరి సంగతి తెలీదు పాపం అని. చెబుదామనే అనుకున్నానండి. మళ్ళీ నాకెందుకులే, అన్నాలొండుకునేదాన్ని, అని ఊరుకున్నాను. నలభై ముగ్గురికి బియ్యం కడిగేసేను, వచ్చింది తొమ్మిదిమంది. ఆ పప్పంతా ఇప్పుడేం చెయ్యాలో... సరేలెండి. ఇంతకీ ఎవరండీ ఆ బ్యాగులిచ్చేవాళ్ళు? హైదరాబాదు కంపెనీ వాళ్ళా? ఊరికినే ఇస్తారా? ఊరికినే ఇచ్చేవాళ్ళకి పిల్లల ఫొటోలెందుకండీ? చూసేరా, నేనే అడుగుతున్నాను. అంతా తెలిసినదాన్ని, నేనే అడుగుతున్నాను, ఇంక మిగతావాళ్ళ మాట చెప్పాలా? కూర్చోండి. ఆ బెంచీ మీద కాదు, దాని కాలు ఊగుతాది. ఇదిగో, ఈ పీట మీద కూర్చోండి. వాణిగారండీ, మీ చేతిలో ఆ సెల్లు మాటలు పట్టేదా? పక్కనెట్టండి. మీ మీద అనుమానమని కాదు. పక్కనెట్టండమ్మా.

తొంభై ఆరు తుఫానప్పటికి మీరు పలక పట్టే ఈడేమో. దీపావళి ముందు. కోతలకి నాలుగు రోజులుందనగా వచ్చిందండి. తెల్లారి లేచి చూస్తే ఊరు కనపడిపోతోంది. అదేటని అడగరేం? ఎప్పుడూ చెట్ల మధ్య ఇళ్ళు కనపడవు కదండీ మనకి. ఆవేళ ఈ చివర నిలబడితే ఆ చివర కాలవ కనపడిందన్నమాట, కొబ్బరిచెట్లన్నీ పడుకునున్నాయి. మా స్కూలు పెంకు మొత్తం లేచిపోయింది. అప్పుడు అన్నాలు లేవు, నేను ఊడ్చి నీళ్ళు పట్టేదాన్ని. పిల్లల పుస్తకాలు బురదలోంచి ఏరి గోడల మీద ఆరేసేను, అట్టలు విడిపోయి ముద్దలైపోయాయి. రోడ్డంతా చెట్లే, మలికిపురం నించి బస్సు లేదు, ఆటో లేదు. ఐదోరోజునో ఆరోరోజునో మిలట్రీ వాళ్ళు రంపాలు పట్టుకుని నడుచుకుంటూ వచ్చేరు. ఇరవైమంది ఉంటారు. ఇదిగో ఈ గ్రౌండులోనే గుడారాలేసుకున్నారు. మాట తెలీదు మనకి, వాళ్ళకి మన మాట రాదు. కొబ్బరిబొండాం ఎలా తాగాలో చూపిస్తే నవ్వేవారు. మంచోళ్ళేనండి. అందులో ఒకాయనున్నాడు, నలభై ఏళ్ళుంటాయి, పొట్టిగా, బుగ్గలు ఎర్రగా, మీసం కొసలు నెరిసేయి. సోబన్ సింగ్ అంట పేరు. మనవాళ్ళు శోభన్ సింగు అనీవారు. కుర్రవెధవలు శోభనం సింగు అని అరిచీవారనుకోండి, ఆయనకేం తెలుసు, చెయ్యెత్తి సలాం కొట్టీవాడు.

ఆయన దగ్గర కెమెరా ఉండేది. తోలు సంచీలో పెట్టి మెడకి తగిలించుకునీవాడు. పగలల్లా చెట్లు కోసీవాడు, మిగతావాళ్ళు పేకాట ఆడుకుంటుంటే ఈయన మాత్రం పిల్లల్ని పోగేసీవాడు. ఓ రోజు వాళ్ళ లారీలో అట్టపెట్టెలు నాలుగొచ్చేయి. విప్పితే నోటుపుస్తకాలు, పెన్సిళ్ళ కట్టలు, రబ్బర్లు, పలకలు. కొత్తవి కొన్నే, మిగతావి వాడినవండీ. రాసిన కాయితాలు చింపేసి, తెల్లవి ఉంచి, మళ్ళీ దారంతో కుట్టినవి. అట్టల మీద హిందీ అక్షరాలు. ఎమ్మార్వోగారి లారీ ఇచ్చిన బియ్యానికి పుస్తకంలో వేలిముద్ర తీసుకున్నారు కదా, దీనికి సంతకం లేదు, వేలిముద్ర లేదు, చేతిలో పెట్టీడమే. ఇచ్చేక ఏం చేసీవాడంటే, ఆ పిల్లనో పిల్లాణ్ణో గోడకి నిలబెట్టి, పలక మీద అంకె వేసి గుండెకి ఆనించి పట్టుకోమనీవాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఫొటో. తర్వాత "నామ్? నామ్?" అని అడిగి చిన్న పుస్తకంలో అంకె పక్కన పేరు రాసుకునీవాడు. చూసిన ఆడాళ్ళందరం ముందు ముచ్చట పడ్డాం. తర్వాత ఎవరన్నారో గానీ, "అంకెలెందుకే పిన్నీ? దొంగలకి కదా అలా పలకిచ్చి తీస్తారు?" అన్నారు. అంతేనండి. ఆ మాట గుండెలో ముల్లులా దిగిపోయింది అందరికీ.

మా తమ్ముడి సంగతి చెప్పాలి మీకు. వీర్రాజు. మీరు చూడలేదు, మీరొచ్చేసరికే పోయేడు. ఊళ్ళో హిందీ వచ్చినవాడు వాడొక్కడే. దుబాయి అవతల ఎడారిలో ఒక షేకు దగ్గర నాలుగేళ్ళు ఒంటెలకి గడ్డేసేడు. తుఫానుకి ముందేడే వచ్చేసేడు. వచ్చేక మనిషి మారిపోయేడండి. ఎవరైనా వీధిలో ఆగి అడ్రసడిగితే వాడి కులం, ఊరు, పని అన్నీ కనుక్కుంటేగానీ చెప్పీవాడు కాదు. ఎందుకలా అయ్యేడంటే, అక్కడ ఒంటెలకి పందేలెడతారంటండీ. మీద కూర్చోడానికి బరువు లేని పిల్లలు కావాలి. ఐదేళ్ళూ, ఆరేళ్ళూ. తాడేసి కట్టేస్తారంట, వాళ్ళు భయంతో కేకలేస్తే ఒంటె ఇంకా జోరుగా పరిగెడతాదంట. వాడు ఒక పిల్లాణ్ణడిగేడంట, ఎలా వచ్చేవురా అని. ఎవరో వచ్చి ఫొటో తీసుకున్నారు, తర్వాత విమానం ఎక్కించేరు అన్నాడంట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా వీర్రాజు చేతిలో కంచం పక్కనెట్టేసీవాడు. కాబట్టి మీరు వాణ్ణి ఏమీ అనుకోకూడదు. వాడి భయం వాడిది. కళ్ళతో చూసినవాడు.

వాడు శోభన్ సింగు వెనకాలే తిరిగేడు వారంరోజులు. ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎక్కడికెళ్తున్నాడు. ఓ ఆదివారం ఆయన మలికిపురం దాకా నడిచెళ్ళేడు, వీడూ వెనకెళ్ళేడు. వచ్చి చెప్పేడు, "అక్కా, పోస్టాఫీసులో రీలు డబ్బీ పంపేడే. గుడ్డలో చుట్టి, కుట్టి, లక్క వేసి మరీ పంపేడు. ముప్ఫైఆరుగురు పిల్లలు ఆ డబ్బీలో ఎళ్ళిపోయేరు" అన్నాడు. ఎళ్ళిపోయేరు అన్నాడండీ, పిల్లలే ఎళ్ళిపోయినట్టు. ఆ ముప్ఫైఆరుగురిలో వాడి కూతురు కృష్ణవేణి లేదు. గడప దాటనివ్వలేదు కదా. కానీ పిల్ల ఎన్నాళ్ళుంటాదండీ ఇంట్లో? అందరి దగ్గరా కొత్త పెన్సిళ్ళున్నాయి. వాడు పొలం ఎళ్ళినప్పుడు చూసి ఒక్క ఉరుకు ఉరికొచ్చేసింది స్కూలుకి. నేనే చూసేను. చూసి ఊరుకున్నాను. శోభన్ సింగు అప్పటికే కొత్త రీలు వేసి నలుగురికి తీసేడు, దాని చేతికి నలభైఒకటి అని పలకిచ్చేడు, అది పళ్ళన్నీ పెట్టి నవ్వుతోంది. ఇంతలో గేటు దగ్గర మా వీర్రాజు.

ఇంక చెప్పాలాండీ. పిల్లని రెక్కపట్టి ఈడ్చుకెళ్ళేడు. గంటలో ఊరంతా ఇక్కడే. పలుగులు పట్టుకొచ్చినవాళ్ళున్నారు. హెడ్మాస్టరు సూర్యప్రకాశరావుగారు, "అయ్యా, అయ్యా, మిలట్రీ వాళ్ళతో గొడవొద్దు" అంటూ పంచె కొస ముడేసుకుంటూ తిరుగుతున్నారు. కబురందుకుని జీపులో ఆఫీసరొచ్చేడు, పాతికేళ్ళ కుర్రాడు. ఆయనకీ తెలుగు రాదు. "ఎవరికైనా హిందీ వచ్చా?" అంటే అందరూ వీర్రాజుని ముందుకి తోసేరు. ఫిర్యాదు చేసినవాడే మాట చెప్పేవాడయ్యేడు. ఆఫీసరు ఏదో అడిగేడు. శోభన్ సింగు నిటారుగా నిలబడి చెప్పడం మొదలెట్టేడు. చాలాసేపు చెప్పేడండి. మధ్యలో ఒకచోట ఆగిపోయేడు, గొంతు సరిచేసుకుని మళ్ళీ చెప్పేడు. చెయ్యి ఇంతెత్తున పెట్టి చూపించేడు, ఇదిగో నా నడుమంత ఎత్తు. ఆఫీసరు తలొంచుకున్నాడు. అందరూ మా తమ్ముడి మొహం వంక చూస్తున్నారు. వాడు వెనక్కి తిరిగి పలుగులు పట్టుకున్నవాళ్ళ వంక చూసి, "పైనెవరో అడిగితే తీసేడంట. ఎవరో చెప్పడంట" అన్నాడు. అంతే. ఊరు గొల్లుమంది. నాకు అప్పుడే అనిపించింది, అంతసేపు చెప్పిన మనిషి మాట ఇంత చిన్నదెలా అయ్యింది అని. "ఏరా, ఇంకేదో చెప్పేడు కదరా" అన్నాను. "నువ్వూరుకోవే అక్కా" అన్నాడు, నా వంక చూడలేదు.

అరుపులు పెరిగిపోయేయి. ఆఫీసరు చెయ్యెత్తి ఆపబోయేడు గానీ వినేదెవరు? అప్పుడు శోభన్ సింగే, ఎవరూ చెప్పకుండానే, కెమెరా వెనక తలుపు తీసేడు. రీలు పట్టుకుని లాగేడు. మిట్టమధ్యాహ్నం ఎండ, తగిలితే బొమ్మలన్నీ పోతాయి. నల్లగా, బారుగా, మెలికలు తిరిగి వచ్చింది. దాన్ని చుట్టచుట్టి మా వీర్రాజు చేతిలో పెట్టి, "లే లో భాయీ", తీసుకో తమ్ముడూ, అన్నాడు. కోపంగా కాదండీ. అదే నాకు... కోపంగా అనుంటే బాగుండును. ఆ పూటే ఆయన్ని జీపెక్కించుకుని తీసుకెళ్ళిపోయేరు. ఏ ఊరెళ్ళేడో, ఏ శిక్షేసేరో మనకి తెలీదు. మళ్ళీ కనపళ్ళేదు. మా వీర్రాజు మాత్రం పెద్దమనిషైపోయేడు. పిల్లల్ని కాపాడినవాడని ఎవరింటికెళ్ళినా కుర్చీ వేసీవారు. తర్వాత ఎలక్షన్లకి వార్డు మెంబర్నీ చేసేరు, ఎదురు నిలబడ్డవాడే లేడు.

మాఘమాసంలో స్కూలు పేర పార్సిలొచ్చింది. హెడ్మాస్టరుగారు కూతురి పెళ్ళికని సెలవులో ఉన్నారు, పోస్టుమేను నాకిచ్చేడు. గుడ్డలో కుట్టి, లక్కేసి. నేను భయపడి తమ్ముడి ఇంటికి పట్టుకుపోయేను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, గేదెల పాకలోకి తీసుకెళ్ళి కత్తితో కోసేడు. ఫొటోలండీ. ముప్ఫైఆరూ. ఒక్కోటి ఒక్కో కాయితంలో చుట్టి, వెనకాల అంకె, పేరు. ఎంత బాగా వచ్చేయనుకున్నారు! మొదటిది కొప్పిశెట్టివారి పిల్లది, ముక్కు కారడం కూడా పడింది. నేను నవ్వేసేను. "పదరా, పంచేద్దాం" అన్నాను. వాడు నవ్వలేదు. అన్నీ మళ్ళీ కాయితాల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేడు. "ఇందులో ఏదో మోసముంది, కనుక్కుంటాను, ఈలోగా నోరెత్తకు" అన్నాడు. నమ్మేనా అంటారా? నమ్మలేదు. నోరూ ఎత్తలేదు.

రెండేళ్ళకి మా వీధి చివర అచ్చమ్మ కూతురు పోయిందండి. విజయకుమారి. పదేళ్ళ పిల్ల. జ్వరమొచ్చింది, అమలాపురం తీసుకెళ్ళేరు, మూడోరోజుకి తీసుకొచ్చేసేరు. కూలాళ్ళు, వాళ్ళ దగ్గర ఫొటో ఎక్కడుంటాదీ? దినాలయ్యేక అచ్చమ్మ మా తమ్ముడి గుమ్మంలోకొచ్చి కూర్చుంది. "వీర్రాజుబాబూ, ఆ మిలట్రీ ఆయన మా పిల్లకి ఫొటో తీసేడు కదా, పదకొండు అని పలకట్టుకుంది. నీకు హిందీ వచ్చు కదా, వాళ్ళ ఆఫీసుకి ఓ ఉత్తరం రాయించవా" అంది. నేను అక్కడే ఉన్నాను, బియ్యం చెరుగుతున్నాను. వాడేమన్నాడో తెలుసా? "అవన్నీ కాల్చేసుంటారు అచ్చమ్మా" అన్నాడు. ట్రంకుపెట్టె వాడు కూర్చున్న మంచం కిందే ఉంది. ఆవిడ ఎళ్ళిపోయేక నా దగ్గరకొచ్చి చతికిలబడిపోయేడు. "అక్కా, ఆయన చెప్పింది ఆ రోజు నాకు మొత్తం తెలిసిందే" అన్నాడు. ఏం చెప్పేడ్రా అంటే, చెప్పేడు. ఆయనది ఎక్కడో కొండల్లో ఊరంట. భూకంపమొచ్చి ఇల్లు కూలిపోయి ఉన్న ఒక్క కూతురూ పోయిందంట, ఏడేళ్ళది. "ఒక్క ఫొటో లేదు సాబ్, దాని మొహం రోజురోజుకీ మర్చిపోతున్నాను" అన్నాడంట. అప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలీనివాళ్ళు వాళ్ళ ఊరి పిల్లలకి పుస్తకాలు పంపేరంట. అందుకని ఎక్కడ డ్యూటీ వేసినా, ఇంటికి రాసి పిల్లలకి పుస్తకాలు పోగుచేయించి తెప్పిస్తాడంట, ఫొటోలు తీసి వాళ్ళ అమ్మానాన్నలకి పంపుతాడంట. మన పేర్లు ఆయనకి నోరు తిరగవు కదా, ఒకరిదొకరికి ఎళ్ళిపోకుండా అంకెలేసుకున్నాడంట. అంతే. "ముందు అబద్ధమనుకున్నానక్కా. ఆయన గొంతు ఆగిపోయినప్పుడు నిజమని తెలిసిపోయింది. కానీ అప్పటికే ఊరంతా నా వెనక పలుగులు పట్టుకు నిలబడ్డారు. ఎలా చెప్పను?" అన్నాడు. "అయితే ఇప్పుడైనా ఆ పిల్లది ఒక్కటీ ఇచ్చెయ్యరా" అన్నాను. "ఒకటి బయటికొస్తే ముప్ఫైఆరూ రావాలక్కా. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయంటారు" అన్నాడు. నేను రెట్టించలేదు. మెంబరు కదండీ. కృష్ణవేణికి సంబంధాలు చూస్తున్నాం అని కాదు, అది చిన్నదే అప్పటికి... ఏదో ఒకటనుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత మూడో ఏడు వాడు గుండెనొప్పొచ్చి పోయేడు. పెట్టె నా దగ్గరకొచ్చింది.

ఆయ్, ఉన్నాయండి. మా ఇంట్లోనే. చెదపట్టకుండా వేపాకేసి ఉంచేను. ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్పడం. మీరు పై ఊరివారు కాబట్టి చెప్పేనేమో. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ పిల్లలు ఏడిస్తే శోభన్ సింగొస్తాడు అంటారు, నేనూ ఊకొడతాను. ఏటీ? అచ్చమ్మా? ఉందండి, లేకేం, కాలవగట్టు మీద మూడో ఇల్లు. ఇవ్వాలి. ఇవ్వాలనే అనుకుంటాను ప్రతి ఏడూ. మొన్న కార్తీకంలో ఆ పిల్ల ఫొటో చేతిలో పెట్టుకుని గుమ్మం దాకా ఎళ్ళేను కూడా. ఎవరూ అంది. నేనే సత్తెమ్మని, అన్నాను. సత్తెమ్మా, దగ్గరకి రావే, రెండు కళ్ళూ పోయేయే, మనిషి ఆనడం లేదు అంది.

...

ఆ పప్పు ఉందే, తీసుకెళ్ళి మా కృష్ణవేణి వాళ్ళ గేదెకి పోసేద్దునా, ఏమంటారు? లేకపోతే మీరు కాస్త గిన్నెలో పట్టుకెళ్ళండి రాత్రికి. మూత ఇస్తాను ఉండండి.