గోడమీది తోలు

గుండుగొలను, 1954 మాఘమాసం. శ్రీనివాసరావుగారి సావిడి గోడకి మేకులు కొట్టి ఆరేసిన తోలు ఒకటి. దానికింద ఆయన, కొల్లేటి లంక నుంచి చేపలు తెచ్చిన పెద్దింటయ్య.

“అందుకేనయ్యా నిన్ను లోపలికి పిలిచింది. సైన్సు మేష్టారేమో ముంగిసన్నారు, పశువుల డాక్టరు అడవిపిల్లి అన్నాడు. పేరు తేలితే కింద బోర్డు రాయించాలి. చెప్పు, ఏ జంతువిది?”

“రెండూ కాదండి. కాళ్ళు సూడండి, వేళ్ళమధ్య బాతుకున్నట్టు పొరుంది. నీటికుక్కండి. మునిగి చేపలు పడతది.”

“నీటికుక్కా! కొల్లేటివాడికి తెలిసింది గానీ... అలా తడుముతావేం?”

“మెడకాడ జుట్టు అరిగిపోయిందండి.”

“ఆరబెట్టినప్పుడు ఊడుంటుందిలే.”

“చుట్టూరా ఒకటే గీతండి. తాడు కట్టిన గుర్తండిది. ఎక్కడ దొరికిందండి తమకి?”

“దొరకడమేంటి, కొట్టాను! పుష్యంలో, చేలమీద అడవిపందులు పడుతున్నాయంటే తుపాకీ పట్టుకుని కొల్లేటి ఒడ్డుకెళ్ళాను. అవునూ, మీ తమ్ముడు సూర్రావు కబురేమైనా తెలిసిందా?”

“లేదండి. నెల దాటిందండి. ఖాళీ దోనె ఒక్కటే దొరికిందండి. అమ్మ ఇంకా ఆడికి కూడు తీసి పెడతానే ఉందండి.”

“పాపం. వస్తాడులే. ఏలూరులో ఏ మిల్లులోనో చేరుంటాడు.”

“అమ్మా అలాగే అంటదండి. తమరెళ్ళింది ఏ రోజండి?”

“ఏ రోజైతే నీకేం? శనివారం. పది గజాల అవతల ఏమీ కనపడనంత మంచు.”

“ఆడెళ్ళిందీ శనివారమేనండి.”

“అయితే? కొల్లేట్లోకి రోజూ వందమంది వెళ్తారు.”

“ఎల్తారండి. తమ్ముడు ఓ నీటికుక్కని కూనప్పట్నుంచీ పెంచాడండి. అదీ దోనెలోనే ఎల్లిందండి. దాని ఎడం చెవి తాబేలు కొరికేసిందండి.”

“ఎడం చెవా?”

“సూడండి బాబూ. సగమే ఉంది.”

“ఇలాంటివి బోలెడుంటాయయ్యా.”

“దీని మెడకి తాడుందాండి?”

“నాచనుకున్నాను. కోసి పారేశాను.”

“అక్కడ మనిషెవరూ...”

“మనిషా? మనిషెక్కడ? తుంగ కదిలింది, పేల్చాను. ఆ పక్కనే మళ్ళీ కదిలింది, మళ్ళీ పేల్చాను. అంతే.”

“రెండు గుళ్ళాండి?”

“రెండే. రెండూ తగిలాయి. నా గురి తప్పిందెప్పుడు? రెండోదానికి అరిచింది కూడా.”

“నీటికుక్క కీచుమంటదండి. అది ఎలా అరిసిందండి?”

“మంచయ్యా, మంచు! ఏం తెలుస్తుంది! చేపలు వంటింట్లో ఇచ్చి వెళ్ళు.”

“అరుపు ఎలాగుందండి?”

“వెళ్ళమన్నానా!”

“ఎల్తానండి. తోలంతా తడిమానండి బాబూ. చిల్లు ఒక్కటేనండి.”