తొట్టెల తాడు

గద్వాల పక్కన ఒక ఊరు. పగటాల అన్నాలు తిన్నంక, దూలానికి కట్టిన తొట్టెల కింద అత్త ఈదమ్మ, కోడలు సింధూజ. ఎనిమిది నెలల పాప సింధూజ ఒడిలో ఉంది.

"పండుకోనని ఎవరన్నరు? పండుకుంట. జర పనయినంక పండుకుంట."

"పనేముంది అత్తమ్మా? బోళ్లు నేను తోమిన. బట్టలు ఆరేసిన. ఇగ ఏం పని?"

"ఉంటది. సంసారమన్నంక పని లేకుంట ఉంటదా."

"నీ కండ్లు సూస్కో, చింతనిప్పుల తీర్గ ఉన్నయి. గోడకన్న ఒరుగు."

"ఒరిగితే కునుకొస్తది."

"కునుకు రావాలనే చెప్తున్న."

"వద్దు. పగటి నిద్ర మనిషిని బద్దకం చేస్తది."

"మరి నిన్న బాలయ్య సేండ్ల నిలబడ్డకాన్నే నిద్రపోయినవంట, అదేంది?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"బాలయ్యనే చెప్పిండు, పొద్దుగాల కిరాణం కాడ. మీ అత్త పత్తిచెట్టు పట్టుకొని నిలబడితే మొగ్గ గిల్లుతున్నదనుకున్న, దగ్గరికి పోయి సూస్తే గురక పెడుతున్నది అన్నడు. ఆడోళ్లంత నవ్విండ్రంట."

"నవ్వనీ. ఆ పక్క సాలు ఎస్తేరమ్మకు నవ్వుడు తప్ప ఇంకేం పని. సాలు సాలంత గిల్లిన, ఒక్క మొగ్గ ఇడ్వలే. అది చెప్పిండా?"

"చెప్పిండు. చెయ్యి మంచిదే అన్నడు. కాని రేపటి సంది పంపకు అన్నడు. పాము మీద కాలు పెట్టినా ఆమెకు తెల్వదు, నా సేండ్ల ఏమన్నయితే నేను జవాబు చెప్పాల్నా అన్నడు."

"ఇత్తనాల పత్తికి మొగ్గ గిల్లి పుప్పొడి రాసే క్రాసింగ్ ఇంక ఇరవై దినాలే. ఇరవై దినాలు నిలబడలేనా నేను?"

"నిలబడలేవు అత్తమ్మా. మొన్న బస్సెక్కి నిద్రపోయి అయిజ దాక పోయొచ్చినవ్. కండక్టరు లేపితే ఇంక రెండు సాళ్లే ఉన్నయన్నవంట."

"ఆ కండక్టరు గూడ ఊరంత చెప్పిండా."

"యాభై మూడేండ్లు వచ్చినయి నీకు. ముప్పై ఏండ్ల సంది ఒంగుడే, లేసుడే. నీ బదులు నేను పోత. బాలయ్యతోని మాట్లాడొచ్చిన. రేపు తెల్లారకముందు మబ్బుల పోత, పగటాల వచ్చి పాలిచ్చి మల్ల పోత. నువ్వు ఇంటికాడ ఉండి పాపను సూస్కో. తొట్టెల్ల ఏసి ఊపుకుంట నువ్వు గూడ ఒక కునుకు తియ్యి."

"వద్దు."

"ఏంది వద్దు?"

"నేను సూడ."

"పాపను సూడవా?"

"నీళ్లు పోస్త. నూనె రాస్త. సంకనేసుకొని ఊరంత తిప్పుకొస్త. నువ్వు ఇంట్ల ఉంటే ఏమన్న చేస్త. ఒక్కదాన్నే సూడ."

"అదే అడుగుతున్న, ఎందుకని? పుట్టిన కాన్నుంచి ఒక్కపారి తొట్టెల ఊపలే నువ్వు. నేను సూడలే అనుకున్నవా? పాప ఏడిస్తే నన్ను పిలుస్తవు గాని చెయ్యి చాపి తాడు అందుకోవు."

"నడుము నొస్తది."

"నడుము నొచ్చే మనిషివి పత్తిసేండ్ల పొద్దుమూకేదాక ఒంగుతవా?"

"అది యేరే నొప్పి."

"ఆడపిల్ల అనా?"

"ఆ మాట అనకు సిందూ. ఆ మాట మాత్రం అనకు."

"మరి నేనేమనుకోవాలె? నీ తోడబుట్టిన వెంకట్రాములు మామ తన బిడ్డనిస్తనన్నా కాదని, నన్నే కావాలని మా ఇంటి సుట్టు మూడేండ్లు తిరిగినవు. ఇరవై నాలుగేండ్ల దాన్ని, ఇంట్ల కూసోని తింటున్న, నువ్వు సేండ్ల పడిపోతుంటవు. నీ కొడుకు ఇనయ్ ట్రాక్టరు మీద తెచ్చేది యాడికి సాలుతది? మా అమ్మన్న ఉంటే ఆమె కాడ ఇడిసిపోతుంటి."

"ఉంటే బాగుండు."

"పోయేటప్పుడు నీ చెయ్యి పట్టుకొని చెవిల ఏందో చెప్పింది. నేను గడప కాడనే నిలబడి ఉంటి. సిందును సూస్కో అనే చెప్పి ఉంటది."

"అది కాదు చెప్పింది."

"మరేం చెప్పింది?"

"పాప కండ్లు మూస్తున్నది. జో కొట్టు."

"గిట్లనే చేస్తవు. ఏదడిగినా పాపను సూడు, పొయ్యిని సూడు. ఇనయ్‌ను గూడ అడిగిన నేను. మా అమ్మ అంతే, చిన్నప్పటి సంది సూస్తున్న, ఎప్పుడు మెలకువ వచ్చినా ఆమె కూసోనే ఉంటది అన్నడు. దవాఖానల డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు బియ్యం డబ్బ ఎనక దొరికినయి. పది ఇస్తే పదీ ఉన్నయి."

"అవేసుకుంటే మెలకువ రాదంట."

"రావద్దనే ఇచ్చింది అత్తమ్మా."

"వస్తుండాలె. మనిషికి మెలకువ వస్తుండాలె."

"నీ కాలు సంగతి గూడ చెప్పిన డాక్టరమ్మకు. కండ్లు మూసినప్పటి సంది కుడికాలు గుంజుడు, ఇడుసుడు, గుంజుడు, ఇడుసుడు. నరాల జబ్బేమో అన్నది ఆమె. మొన్న నేను చెయ్యేసి పట్టుకున్న. ఆగింది. ఆగంగనే నువ్వు దిగ్గున లేసి నన్ను ఏమడిగినవో ఎరుకేనా?"

"ఏమడిగిన?"

"ఎండొచ్చిందా అని అడిగినవు. చుట్టు చీకటి. ఎండొచ్చిందా, ఎండొచ్చిందా అని నా చెయ్యి ఇడ్వలే. నాకు భయమైంది అత్తమ్మా. పాపను తీసుకొని అవతలింట్లకు పోయిన."

"నువ్వు పోయింది సూసిన."

"ఎందుకడిగినవు గట్ల?"

"ఇనయ్ ఎనక నాకొక బిడ్డ పుట్టింది."

"ఆడపిల్లనా? నాకెవ్వరు చెప్పలే."

"ఇనయ్‌కే తెల్వదు, నీకెవరు చెప్తరు. వాడు నాలుగేండ్లోడు, మా అమ్మ కాడ ఊర్లనే ఉండె. నేను, మీ మామ గుజరాత్ దిక్కు కాల్వ పనికి పోతిమి. పిల్లను ఎత్తుకొనే పోయిన. ఎనిమిది నెల్లు. గీ పాపంతనే."

"జరమొచ్చిందా?"

"ఆడ చెట్టంటే ఒక్కటే, తుమ్మచెట్టు. నలుగురు బాలెంతలం ఉంటిమి, నాలుగు తొట్టెలలు దానికే కట్టుకుంటిమి. మేస్త్రి ఉగాదికి ఆడోళ్లందరికి ఒక్క తీరు పచ్చచీరలు పెట్టిండె. ఆ చీరలనే తొట్టెలలు చేస్కుంటిమి."

"ఊ."

"మబ్బుల లేసి మట్టి మోస్తే పగటాల ఒక్క గంట ఇడుస్తరు. పీనుగుల తీర్గ పడేటోళ్లం. తొట్టెల తాడు కాలి బొటనేలికి కట్టుకునేది. నిద్రల గూడ కాలు గుంజుతనే ఉంటది. కండ్లు పండుకుంటయి, కాలు పండుకోదు."

"మా అమ్మ గూడ గట్లనే కట్టుకునేదాన్నని చెప్పేది."

"అందరం అంతే. ఆ దినం పాలిచ్చి పిల్లను తొట్టెల్ల ఏసిన. నీళ్లు తాగొచ్చిన. తాడు అందుకొని ఏలికి కట్టుకొని పడ్డ. గంట సేపు ఊపిన. మేస్త్రి సీటీ ఊదిండు. లేసి సూస్తే చెట్టు నీడ అవతలికి జరిగింది. చివరి తొట్టెల ఒక్కటి ఎండల ఉన్నది. అయ్యో ఎవరి పిల్లనో ఎండల ఉన్నదని అందరికన్న ముందు నేనే ఉరికిన."

"అత్తమ్మా."

"నా పిల్లనే."

"వద్దులే, చెప్పకు."

"అడిగినవు గదా, ఇను. ఉరుకుతుంటే నా ఏలికున్న తాడు గుంజుకున్నది. అది నీడల ఉన్న తొట్టెలది. అన్నీ ఒక్క తీరు చీరలే గదా. గంట సేపు ఇంకొకరి పిల్లను ఊపిన నేను. నా పిల్ల ఏడ్చే ఉంటది సిందూ. ఏడుపు చెవిల పడ్డప్పుడల్ల నేను నిద్రల ఇంక జోరుగ ఊపి ఉంట."

"పనికి పనికి ఒళ్లు తెల్వకుంట పడ్డవు. నీ తప్పేముంది అండ్ల."

"మీ మామ గూడ అదే అన్నడు. తాడు సంగతి తెల్వక అన్నడు."

"మామకు చెప్పలేదా?"

"ఎవ్వరికి చెప్పలే. నా ఏలి నుంచి ఆ తాడు ఇప్పిన మనిషికి, నాకు, ఇద్దరికే ఎరుక. ఆ తొట్టెల ఆమెదే, ఆ దినం తాడు కట్టుకోకముందే ఆమెకు కునుకు పట్టిందంట. వడదెబ్బ అని ఆమెనే అందరికి చెప్పింది. ఊరికొచ్చినంక యాడ కలిసినా ఒక్కటే అడుగు, పండుకుంటున్నవా ఈదమ్మా అని."

"ఇప్పుడు యాడ ఉన్నది ఆమె?"

"లేదు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని చెవిల చెప్పింది. ఇంకన్న పండుకో ఈదమ్మా అన్నది."

"చెయ్యి పట్టుకొనా?"

"ఆ."

"అత్తమ్మా, ఆ నీడల ఉన్న పిల్ల..."

"మెదలకుంట పండుకున్నది. సీటీ ఊదినా లేవలే. అంత మంచిగ ఊపిన."

"ఆ పిల్ల ఎవరు?"

"నా ముంగటనే కూసున్నది. తన బిడ్డను నా కాలి తాడుకు అప్పజెప్పి పనికి పోతనంటున్నది."