టకెట్ గారు కుదిర్చిన ఆఖరి ఆట

1989 ఆగస్టు పద్నాలుగవ తేదీ సోమవారం నాడు శ్రీ రోలండ్ టకెట్ గారు మన హోల్‌కోమ్ కాలేజీ క్రీడా కార్యాలయంలో టిక్కెట్ల గుమాస్తాగా చేరారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్ళలో మన కాలేజీ, తమలో తాము పోటీలు ఆడుకునే కాలేజీల కూటములు మూడు మారింది. ఆయన బల్ల మాత్రం మారలేదు.

కొన్నేళ్ళకు మ్యాచ్‌ల పట్టిక ఆయన చేతికి వచ్చింది. ఏ శనివారం ఎవరితో, ఏ ఊళ్ళో ఆడాలో కుదర్చడం, బస్సులు మాట్లాడడం ఆయన పని. భర్త పోయాక జెర్సీల గదిలో చేరి, ఆ తర్వాతే అక్షరాలు దిద్దిన నేను కూడబలుక్కుని చదివిన మొదటి కాగితం, ఆయన మా తలుపుకు అంటించిన పట్టికే. దాని అడుగున ఏటా ఒకటే మాట: నవంబరు ఆఖరి శనివారం, బ్రిగ్‌డన్‌తో ఫుట్‌బాల్.

నది అవతలి బ్రిగ్‌డన్ కాలేజీతో ఆ ఆట మన తాతల నాటిది. ఓడినవారు గెలిచినవారి బురద జెర్సీలు ఉతికి, మడిచి పంపడం ఆచారం. ఒక ఏడు వానలో ఓడాం. నేను ఒక్కదాన్నే ఉతుకుతుంటే టకెట్ గారు చొక్కా చేతులు మడిచి సాయానికి దిగి, వాళ్ళ తెల్ల జెర్సీల్లో మన ఎర్ర మేజోళ్ళు కలిపేశారు. అవి బ్రిగ్‌డన్ చేరగానే అక్కడ పట్టికలు వేసే డ్వేన్ ఆస్బెరీ గారు ఫోను చేశారు.

"ఏమయ్యా టకెట్, మా పిల్లలు గులాబీ రంగులో ఆడాలా?"

"ఆడించవోయ్. మొహాలకు కాస్త కళ వస్తుంది."

వారి స్నేహం అక్కడ మొదలైంది.

తర్వాతి ఏళ్ళు అందరినీ అలసటకు గురిచేశాయి. పెద్ద కూటమిలోకి ఈసారి ఏ కాలేజీలు వెళతాయోనని ప్రతి వేసవిలోనూ పత్రికలు పేర్లు రాసేవి. మన పేరు ఒకసారి పైన, ఒకసారి అడుగున ఉండేది. పిలుపు వస్తే ఒకటి, రాకుంటే ఒకటి అని టకెట్ గారు రెండు పట్టికలు వేసేవారు. మేము పాత కూటమి గుర్తులు జెర్సీల మీద నుంచి విప్పి, కొత్తవి కుట్టేవాళ్ళం. విలేకరులు అడిగితే ఆయన, "బస్సు కావాలంటే మాట్లాడతాను, జోస్యం నా వల్ల కాదు" అనేవారు.

ఈ మార్చిలో పిలుపు వచ్చింది. మనకు కాదు, బ్రిగ్‌డన్‌కు. ఆస్బెరీ గారు ఫోను చేసినప్పుడు నేను టకెట్ గారి గదిలోనే ఉన్నాను.

"నవంబరు శనివారం సంగతేంటి డ్వేన్?"

"దాన్ని పెద్ద కూటమి వాళ్ళు వేరే జట్టుకిచ్చేశార్రా. మా చేతిలో లేదు."

టకెట్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంకెక్కడైనా ఖాళీ?"

"పన్నెండేళ్ళ దాకా అన్నీ నిండాయి. 2037 సెప్టెంబరులో ఒక్క శనివారం ఉంది. అప్పటికి నీకు డెబ్బై ఎనిమిది."

"నువ్వేమన్నా చిన్నపిల్లాడివా? అది నాకు రాసెయ్."

ఒప్పందం చూసి మన డైరెక్టరు గారు నిట్టూర్చారు. "అప్పటికి మనం ఏ కూటమిలో ఉంటామో ఎవరికి తెలుసండీ?"

"తెలియదు కాబట్టే సార్, ఈ ఒక్కటైనా రాసి పెట్టుకుందాం."

డైరెక్టరు గారు సంతకం చేశారు. ఈ నవంబరు ఆఖరి శనివారం మనకు ఆట లేదు. ఆ గడి టకెట్ గారు ఖాళీగానే వదిలారు.

టకెట్ గారూ, మీరూ మీ శ్రీమతి ఐలీన్ గారూ చల్లగా ఉండాలి. 2037లో ఆ శనివారం ఎవరి చేయీ పట్టుకోకుండా స్టాండు మెట్లెక్కి, ఆస్బెరీ గారి పక్కన కూర్చుని, ఆట ముగిసేదాకా ఆయనను ఆటపట్టించేంత ఆరోగ్యం మీకు ఉండాలి. మనం ఓడితే జెర్సీలు ఉతకడానికి నేను ఉంటే నేనే వస్తాను. మీరు మాత్రం మేజోళ్ళ జోలికి రావద్దు.

ఎట్టా మే క్రౌడర్
జెర్సీల గది