కుర్చీలో తిప్పమ్మ

కుళ్ళాయప్ప కుట్టేది రవికలు, సరదాకు తీసేది పటాలు. రెండింట్లోనూ తొందర పెట్టేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. ఆ కరువు వేసవి సాయంత్రం, రాప్తాడు దగ్గరి పల్లెలో, కిటికీకి గోనెపట్ట కప్పి చీకటి చేసిన తన వంటింట్లో అతను ఫిలిం కడుగుతున్నాడు. పొద్దున పోయిన తిప్పమ్మ చిన్నకొడుకు సుంకప్ప, మూసిన తలుపు బయట నిలబడి ఉన్నాడు.

"తలుపు ముట్టొద్దని చెప్పితినా లేదా?"

"ముట్టలేదన్నా. ఆనుకుంటి, అంతే. వచ్చిందా?"

"హైపో మందునీళ్ళలో ఉండాది. ఇప్పుడు వెలుతురు తగిలిందంటే మీయమ్మ పటం మసే."

"మా అన్న చెన్నప్ప గుంతకాడ కాసుకోనుండాడు. పటం వచ్చిందంటే నేను మీ మిద్దెక్కి తువ్వాల ఊపల్ల. ఊపితేనే మట్టేసేది."

"రాకుంటే?"

"నువ్వు కెమెరా ఎత్తుకోని నాతో రావల్ల. గుంతకాడే ఇంకొకటి తీయల్ల. అంతవరకూ మొగం మీద గుడ్డ కప్పరు."

"మరింకేం? ఎందుకట్ల గింజుకుంటావు?"

"పొద్దు కొండమీదికి వాలిందన్నా. పొద్దు మునిగితే ఊపినా ఊపకున్నా ఆగేది లేదన్నారు పెద్దోళ్ళు. మాయమ్మకు ఒక్క పటం గూడా లేదు. పటం తీస్తే ఆయుస్సు తగ్గుతాదని బతికినన్నాళ్ళూ మొగం తిప్పుకునె."

"నాకు తెలీదా? నా కెమెరా కనపడితే చాలు, కొంగు కప్పుకుని అడ్డదారిన పోతాండె. సరే, అయిపోయింది. లోపలికి రా. ఆ గోనెపట్ట గుంజు."

"ఇదేందన్నా! మొగం బొగ్గు మాదిరుండాది!"

"అది తిరగేసి వస్తాది. దీంట్లో నలుపు కాయితం మీద తెలుపైతాది."

"జుట్టు గూడా నల్లబడిందే. నా చిన్నప్పుడు ఇట్లే ఉండె మాయమ్మ జుట్టు."

"దూరం జరిగి ఏడువు. కన్నీళ్ళు పడితే ఫిలిం మచ్చబడతాది."

"ఇప్పుడే మచ్చలుండాయి కదా!"

"అది బావి ఉప్పు. అడుగునీళ్ళు తోడుకొచ్చి కడిగితే ఉప్పు రాక చక్కెర వస్తాదా? తుడిస్తే పోతాది."

"అయితే ఊపేదా?"

"ఊపు... ఆగు. ఆగప్పా."

"ఏమన్నా?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే ఆగమంటివెందుకు?"

"మొగం చెదిరింది. గడ్డం చూడు, రెండు గడ్డాల మాదిరుండాది. గుండెల మీద దండ గూడా అలికినట్లుండాది."

"ఉడుకునీళ్ళు పోసి కరగబెట్టినావా?"

"ఉడుకునీళ్ళా? తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్ళవి, మాకు తాగను గూడా మిగల్చకుండా పోస్తి. కరిగింటే ఫిలిమంతా ముడతలు పడల్ల. ఒక్కచోటే కాదు."

"మందు పాతదైంటాది."

"మందు చెడితే పటమంతా చెడతాది."

"అయితే నీ చెయ్యి వణికింటాది! అనంతపురం స్టూడియో ఆయన్ను పిలుద్దామని అప్పుడే అంటి. మా అన్న వినలే."

"మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి తీస్తి. నేను వణికింటే గోడ గూడా వణకల్ల. ఇదో చూడు, గోడమీద సున్నం పెచ్చులు గూడా కనపడతాండాయి."

"మరి మా అన్న కదిలించింటాడు. కుర్చీ వెనకాల నిలబడి మాయమ్మ భుజాలు పట్టుకోనుండె."

"మీ అన్న వేళ్ళు చూడు. గోళ్ళు గూడా తెలుస్తాండాయి. చెయ్యి కదిలింటే గోళ్ళు తెలుస్తాయా?"

"గాలికైంటాది."

"గాలి యాడుండాదప్పా ఈ ఊర్లో? పక్కన దీపం చూడు, నిలువునా నిలబడుండాది."

"పొద్దు సగం దిగిందన్నా. చెదిరిందైనా మాకు చాలు. నేను ఊపుతా."

"మిద్దెక్కితే కాళ్ళిరుస్తా! రెండో పటం తీసినా గదా, ఆ కొస పట్టుకో. వెలుతురుకు పెట్టు."

"దీంట్లోనూ అంతేనా?"

"దీంట్లోనూ అంతే. గోడ బాగుండాది. దీపం బాగుండాది. మీ అన్న, మీ అత్త చౌడమ్మ, నువ్వు, అందరూ బాగుండారు. ఆయమ్మ ఒక్కతే."

"బతికుండంగా తీయనీలే. చచ్చినాక గూడా ఒప్పుకోలే మాయమ్మ."

"సుంకప్పా, మీయమ్మ యాడ పడిపోయింది?"

"కరువు పనికాడ, కంకర కొట్టతా. ఎండకు తూలి పడె. నీకు తెలీందా?"

"నాడి ఎవరు చూసినారు?"

"కదిరప్ప తాత. చెయ్యి పట్టుకోని లేదన్నాడు. ఎండకు నిలవదు, బిరీన ఎత్తండన్నారు అందరూ. ఇప్పుడెందుకివన్నీ?"

"వసారాలో వెలుతురు చాలదని కెమెరా శానాసేపు తెరిచిపెడితి. తెరిచేముందు ఏమంటి నేను?"

"కదలొద్దంటివి. ఊపిరి బిగబట్టండంటివి."

"బిగబట్టినారా?"

"అందరం బిగబడ్తిమి. మా అత్త ఏడుపు గూడా మింగుకునె."

"ఆ తువ్వాల పారెయ్. నా సైకిలెత్తుకో. మట్టెయ్యొద్దని కేకలేసుకుంటా పో!"

"ఎందుకు? ఏమైంది?"

"ఊపిరి బిగబట్టమని మీ అందరికీ నేను చెప్తి. కుర్చీలో ఉన్న మీయమ్మకు మాత్రం చెప్పలేదు!"