మైదానానికి వీపు పెట్టి

అందరికీ నమస్కారం. వెనక గోడవారన నిలబడ్డవాళ్ళు కాస్త పక్కకు జరిగి తలుపుకు దారి వదలండి. ఇది నా మాట కాదు, మా మేడమ్ మాట. ఆవిడ ఏ సభకు వెళ్ళినా ముందు తలుపులు చూసేవారు, ఆ తర్వాతే వేదిక. అలాంటి మనిషి పోయిన వారం నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మేడమ్ అక్కయ్యగారికీ, కాలేజీ పెద్దలకూ, మా తోటివాళ్ళకూ నమస్కారం. ఇక, ఈ ఏడాది మా కోర్సులో పిల్లల్ని చేర్చాలా వద్దా అని తేల్చుకోలేక వచ్చిన తల్లిదండ్రులున్నారు. అమ్మా, అయ్యా, ఈ రోజు ఈ స్టేడియం హాల్లో మీతో మాట్లాడాల్సింది ఆవిడే. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివితే ఏం ఉద్యోగం వస్తుందని మీరడిగారు. పిల్లలు చాలకపోతే కోర్సు మూసేస్తామని కాలేజీవాళ్ళూ చెప్పేశారు. జవాబు చెబుతాను రమ్మని మిమ్మల్ని పిలిచి, ఆవిడ వెళ్ళిపోయారు. పిలిచినవాళ్ళను ఉత్తినే వెనక్కి పంపడం ఆవిడకు నచ్చదు. అందుకే ఈ సంతాప సభ ఈ రోజే, ఇక్కడే పెట్టాం.

నేను మొదటి బ్యాచ్. ఇప్పుడు ఈ స్టేడియం నడిపేది నేనే. మొదటి క్లాసని మేం పుస్తకాలు పట్టుకుని వెళితే, ఆవిడ మమ్మల్ని తిన్నగా ఇక్కడికి, ఫైనల్ మ్యాచ్‌కి తీసుకొచ్చారు. ఎగిరి గంతేశాం! బౌండరీ పక్కన కుర్చీలు వేయించారు. వేయించి, వాటిని వెనక్కి తిప్పించారు. మైదానానికి వీపు, జనానికి ముఖం. చివరి ఓవర్లో స్టేడియమంతా లేచి అరుస్తుంటే మా ప్రాణాలు గిలగిల్లాడాయి. అయినా ఒక్కరు మెడ తిప్పితే ఒట్టు. "ఆట చూడాలనుంటే టికెట్ కొనుక్కుని రండి. ఆ టికెట్ కొన్నవాళ్ళను చూడటం మీ పని" అన్నారు.

ఏం చూశాను నేను? మెట్ల దగ్గర పట్టుకోవడానికేమీ లేక, ముందువాళ్ళ భుజాలు పట్టుకుని దిగుతున్న ఒక తాతగారిని చూశాను. పాపను చంకనేసుకుని బయటికి దారి వెతుక్కుంటున్న ఒక తల్లిని చూశాను. ఎవరు గెలిచారో ఇంటికి వెళ్ళాకే తెలిసింది. ఇందాక మీరు పట్టుకుని ఎక్కివచ్చారే, ఆ మెట్ల పక్క కమ్మీ, అది నేను వేయించిందే. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటారా? అనుకోండి, ఇవాళ చెప్పుకుంటాను. మేం ఆవిడకు పెట్టిన పేరు 'పెడమొహం మేడమ్'. ఆవిడకూ తెలుసు, పడీపడీ నవ్వేవారు.

మా నాన్నగారు ఒకసారి కాలేజీ మీదికి యుద్ధానికి వెళ్ళారు. "డిగ్రీ చదివి మా అమ్మాయి బంతులు ఏరుకోవాలా?" అని. మేడమ్ కోప్పడ్డారా? లేదు. వాదించారా? అదీ లేదు. మ్యాచ్ రోజు ఆయన్ను వెంటబెట్టుకుని ఇక్కడంతా తిప్పారు. టికెట్లు అమ్మించేవాళ్ళు, ప్రకటనలు తెచ్చేవాళ్ళు, ఆటగాళ్ళ ఒప్పందాలు చూసేవాళ్ళు, జట్ల ప్రయాణాలు కుదిర్చేవాళ్ళు, టీవీవాళ్ళతో వేగేవాళ్ళు, అంబులెన్సుకు దారి ఉందో లేదో చూసేవాళ్ళు, అందరినీ చూపించారు. "ఆడేవాళ్ళు గుప్పెడుమందేనండీ. ఆడించేవాళ్ళు ఎంతమందో చూడండి" అన్నారు. కాళ్ళు పీకుతూ ఇంటికొచ్చిన నాన్నగారు తిన్నగా వెళ్ళి పడుకున్నారు. మర్నాడు పక్కింటాయన దగ్గర మాత్రం, స్టేడియం తనే కట్టించినట్టు చెప్పుకొచ్చారు.

అదిగో, గోడవారన తల దించుకుని నిలబడ్డాడే, మా క్లాసులో పరుగుల వీరుడు వాడు. మోకాలు దెబ్బతిని, ఇక పరిగెత్తకూడదని డాక్టరు చెప్పిన రోజున చదువూ మానేస్తానన్నాడు. మేమంతా అయ్యోపాపం అన్నాం. మేడమ్ అనలేదు. "నువ్వు పడ్డప్పుడు నీ పక్కన ఎవరుంటే బాగుండేదో నీకే తెలుసు. ఆ మనిషివి నువ్వే అవ్వు" అన్నారు. ఇవాళ దెబ్బలు తగిలిన ఆటగాళ్ళ వైద్యం, బీమా అన్నీ చూసుకునే సంస్థ నడుపుతున్నాడు. తలెత్తరా నాయనా! ఆవిడుంటే చీవాట్లు పెట్టేవారు.

అమ్మా, అయ్యా, మీకు అబద్ధం చెప్పను. ఇది కుర్చీలో కూర్చోగానే జీతం వచ్చే చదువు కాదు. నేను గేటు దగ్గర టికెట్లు చింపాను, ఎండకు మాడాను. ఊరంతా సెలవు చేసుకునే రోజే మాకు అసలు పని. మీ పిల్లలకు ఈ పని మీద ఇష్టం లేకపోతే చేర్చకండి. మేడమూ అదే చెప్పేవారు.

కానీ ఉద్యోగం వస్తుందా అనే ప్రశ్నకు జవాబు బాకీ ఉండకూడదు. మీకు కుర్చీలిచ్చి, గోడవారన నిలబడ్డవాళ్ళున్నారే, వాళ్ళంతా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఒకామె అమ్మాయిల కబడ్డీ జట్టుకు మేనేజరు. ఒకతను బూట్ల కంపెనీలో ఆటగాళ్ళతో ఒప్పందాలు కుదురుస్తాడు. ఆ పక్కనామె ఈత అకాడమీ పెట్టింది. మిగతావాళ్ళను సభ అయ్యాక మీరే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అందరం లేద్దాం. నా వెనక అద్దాల్లోంచి మైదానం కనిపిస్తోంది, కూర్చున్న మీ కళ్ళన్నీ అటే ఉన్నాయి. వెనక్కి తిరగండి. ఆవిడ మొదటి రోజు మమ్మల్ని కూర్చోబెట్టినట్టే, మైదానానికి వీపు పెట్టి నిలబడండి. ఏమీ మాట్లాడొద్దు. గోడవారన ఉన్న ఆవిడ శిష్యుల ముఖాలను చూస్తూ మౌనంగా ఉందాం. మీరు వినడానికొచ్చిన ఆవిడ జవాబు అదే.