టక్కుమనని సీసా

బళ్లారిలో సిద్దక్క వంటిల్లు. పొద్దున తొలి బస్సుకు కురుగోడు నుంచి వచ్చిన ఆమె తమ్ముడి భార్య నేత్రావతి, కూర్చోమన్నా కూర్చోకుండా గూళ్లన్నీ చూస్తోంది.

"యాడ పెట్టినావు వదినా?"

"ఏది?"

"అదే. సీసా."

"ఏ సీసా? ముందు కూర్చో నేత్రా. చెప్పులిడిసినావో లేదో, వంటింట్లో దూరి డబ్బాలన్నీ జరుపుతాండావు."

"టమోటా గుజ్జు సీసా వదినా. పోయిన వారం మీ తమ్ముడు బళ్లారికి వస్తాంటే ఇచ్చి పంపిస్తిని కదా. పచ్చ మూతది."

"ఓ, అదా. దానికోసరం తొలి బస్సుకు వచ్చినావా?"

"దానికోసరం ఎందుకొస్తా? సుమ్నే, ఊరికే వచ్చినా. నిన్ను చూసి శాన్నాళ్లాయె అని."

"హౌదా? అట్లనా? నేను ఇంకా హాస్టల్లో ఉండే మీ పాప మనోజ్ఞని చూసి పోను వచ్చినావేమో అనుకుంటి."

"దాన్నీ చూస్తాలే. పొయ్యి వెలిగించాకు వదినా, కాఫీ వద్దు. సీసా యాడుందో చెప్పు."

"నన్ను చూడను వచ్చినదానివి నా మొగం చూడవు, కాఫీ తాగవు, సీసా సీసా అంటావు!"

"తాగుతాలే. పెట్టు. సీసా..."

"అయిపాయె."

"ఏంది?"

"అయిపాయె. తినేసినాం. శానా బాగుండె."

"ఎవరు తినిండేది?"

"ఎవరంటే... ఇంట్లోవాళ్లమే. నేనూ, మీ అన్నా."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే... మొన్న. మొన్నా, నిన్నా. పప్పులో ఏసినా. మీ అన్న మళ్లీ మళ్లీ ఏయించుకునె. ఏందే ఇది, ఎప్పుడు తింటిరి, ఎవరు తింటిరి అని? పెట్టినోళ్లు ఇట్ల అడుగుతారా యాడన్నా?"

"ఖాళీ సీసా యాడ మరి?"

"సీసానా? సీసా... కడిగి నింగమ్మకి ఇచ్చినా. పక్కింటి నింగమ్మ లేదూ, ఉప్పు పోసుకుంటా అంటే ఇచ్చినా."

"మా ఆడోళ్ల సంఘం మేడం సీసాలు వాపసు అడుగుతాండాది. అందుకని..."

"ఇప్పుడే సుమ్నే వచ్చినా అంటివి."

"సుమ్నేనే వచ్చినా. దాంతో పాటు సీసా కూడా... వదినా, మూత ఎట్లుండె? తీసేటప్పుడు?"

"మూత మూతలాగే ఉండె."

"ఉబ్బిండెనా? బుస్సుమనిందా? లోపల నురగ ఏమన్నా?"

"ఏమీ లేదు. మంచి వాసన. నేత్రా, నీ మొగమేంది అట్ల పీక్కపోయింది? మా తమ్ముడు ఏమన్నా అనినాడా?"

"ఆయనకేం తెలీదు. ఆయనకి చెప్పాకు."

"ఏం చెప్పాకు?"

"ఏం లేదు. అన్న యాడ? డ్యూటీకి పోలేదా?"

"లోపల పడుకోనుండాడు. రాత్రి కడుపులో బాగలేదంటా కక్కినాడు."

"అయ్యో దేవుడా."

"ఏమాయె? దానికే అంత భయమేంది?"

"వదినా, అన్నకి కండ్లు సరిగ్గా ఆనుతాండాయా? ఒకటి రెండుగా కనిపిస్తాందంటాడా? నాలిక ముద్దబారిందా? నీళ్లు మింగుతాండాడా?"

"నీళ్లు మింగుతాండాడు, నన్ను తిడతాండాడు, అన్నీ బాగానే ఉండాయి. నిన్న ఆయనతో పనిచేసే రుద్రేశ్ వాళ్లింట్లో నామకరణం. చల్లారిపోయిన మిరపకాయ బజ్జీలు వద్దంటే ఇనకుండా..."

"బజ్జీలు కాదు వదినా! లేపు. ఆటో పిలుస్తా, ఆసుపత్రికి పోదాం. నువ్వు కూడా రా. నువ్వు కూడా తిన్నావు కదా."

"నేనేం తింటి?"

"గుజ్జు!"

"గుజ్జు తింటే ఆసుపత్రికి ఎందుకు?"

"అది చెడిపోయింది వదినా."

"బాగుండె అంటా ఉండా కదా నేను."

"నువ్వు బాగుండె అన్నప్పుడల్లా నా పానం పోతాండాది. చెడిపోయినదాంట్లో పుట్టే విషానికి వాసన ఉండదంట. రుచి మారదంట. మేడం చెప్పింది."

"విషమా? ఏం మాట్లాడతాండావు నువ్వు?"

"ఇంట్లో అట్లాంటిదే ఇంకొక సీసా ఉండె. మొన్న గూట్లో పొంగి కారిపోయిండె. ఎత్తి దిబ్బ మీద పారేసినా. మా ఎర్రకోడి పోయి తినింది. నిన్న చూస్తే మెడ నిలపలేకపాయె వదినా. మెడ ముందుకు పడేసి, నేల మీద ఆనించి, కండ్లు మాత్రం తెరుచుకోని చూస్తాండె నన్ను. నీళ్లు పోస్తే మింగల్యా. మాపటికి పాయె."

"అయ్యో పాపం."

"కోళ్లకి వచ్చే రోగమేమో అనుకుంటి. మేడంకి ఫోన్ చేస్తే, ఆ వాయిలో ఇంకే సీసా ఉన్నా ముట్టొద్దు, ఎవరికన్నా ఇచ్చింటే బేగ పోయి చెప్పు అనింది. నిన్ననే ఫోన్ చేద్దామని ఎత్తినా. ఏమని చెప్పల్ల? ఎత్తినా, పెట్టేసినా. బస్సెక్కి వస్తి."

"సరే, ఏడవాకు. ఇట్ల చూడు. నీకు తెలిసింది నిన్న. తెలిసినాక ఉరికి వచ్చినావు. దాంట్లో నీ తప్పేముండాది? టమోటా ధర లేక రోడ్డు మీద పారబోస్తాండ్రు, ఊరికే పోతాందని సీసాల్లో పెట్టుకుంటివి. అందరూ చేసిండేదే. తెలియక జరిగింది."

"తెలియక కాదు."

"ఏంది?"

"తెలియక కాదు వదినా."

"అంటే?"

"సంఘంలో గుజ్జు పెట్టేది నేర్పిస్తా తరబేతి ఇచ్చినప్పుడే మేడం చెప్పింది. గుజ్జు పోసి, మూత బిగించి, సీసాని నీళ్లలో ఉడకబెట్టి బయట పెట్టినాక, చల్లారేటప్పుడు మూత టక్కుమని లోపలికి దిగల్ల. టక్కుమనిందా, ఆ సీసా నిలుస్తాది. అనలేదా, ఆ పొద్దే వండుకోని తినెయ్యల్ల, లేకుంటే పారెయ్యల్ల. దాచకూడదు. ఒకరికి ఇయ్యకూడదు."

"ఊఁ."

"సీసాలన్నీ వరసగా పెట్టుకోని నేనూ మనోజ్ఞా కూర్చున్యాం. సెలవులకి ఇంట్లోనే ఉండె అది. టక్కుమన్నప్పుడల్లా నవ్వుతా ఉండె. ఆఖరి వాయికి నిమ్మకాయలు అయిపాయె, చెడకుండా పిండల్సిన నిమ్మరసం పిండకుండానే మూతలు పెట్టేస్తి. ఆ వాయిలో రెండు సీసాలు టక్కుమనలేదు. పారెయ్యను చేతులు రాలేదు. ఒకటి గూట్లో మూలకి పెట్టినా. ఇంకొకటి..."

"ఇంకొకటి నాకు పంపించినావు."

"వదినా..."

"తెలిసే పంపించినావా?"

"మీ తమ్ముడు బండి తీస్తా, అక్కకి ఏమన్నా ఇస్తావా అన్నాడు. మంచి సీసాల మీదికే పాయె నా చెయ్యి. నిజంగా పాయె వదినా. పట్టుకున్నా కూడా. అంతలో మీ ఇంటి గృహప్రవేశంలో నువ్వన్న మాట గుర్తొచ్చె."

"నేనేమంటి?"

"అందరూ ఊటకి ఆకుల ముందర కూర్చున్యప్పుడు. మా నేత్ర చెయ్యి పెడితే ఊరగాయకి బూజు గ్యారంటీ, అంటివి. అందరూ నవ్విరి. ఆయన కూడా నవ్వె."

"నవ్వులాటకి అంటి కదే."

"నాకు నవ్వు రాలేదు. నా సీసాలు బాగా వచ్చినాయని, ఒక్కటీ బూజు పట్టలేదని చెప్పుకునే యోగం వస్తే, ఆ మంచిదాన్ని నీకే ఎందుకియ్యల్ల అనిపించె. ఇంకొకదాన్ని ఎత్తి ఆయన చేతిలో పెడితి. ఎవరికన్నా పానం పోతాదని అనుకోలేదు వదినా, నా బిడ్డ మీద ఒట్టు. మహా అంటే పులుస్తాది, పారేసుకుంటాది అనుకున్నా. వదినకి ఇది చాల్లే అనుకున్నా."

"వదినకి ఇది చాల్లే అనుకున్యావు."

"ఆఁ. ఏమన్నా అను వదినా. తిట్టు. చెంప పగలగొట్టు. అట్ల ఊరికే చూడాకు."

"ఆ సీసా వచ్చిన పొద్దు మా తమ్ముడు ఏమన్నాడో తెలుసునా? నేను ఇయ్యమని చెప్పలేదక్కా, నేత్రనే తనంతట తానే తీసి ఇచ్చింది అన్నాడు. నాకు ఎంత సంతోషమాయెనో నీకు తెలీదు. లోపల పెట్టల్యా దాన్ని. అదో, ఆ కిటికీ కాడ పెట్టినా, వచ్చినోళ్లకి కనిపించల్లని. నింగమ్మని పిలిచి చూపించినా. మా మరదలు చేసింది చూడు, అంగట్లో కొన్నట్ల లేదూ అంటి."

"చాలు వదినా."

"గృహప్రవేశంలో నోరు జారితినని నాకూ ఉండె లోపల. అదంతా మనసులో పెట్టుకోలేదు పిల్ల, మంచిది అనుకుంటి."

"చాలు వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. తర్వాత ఎంతన్నా తిట్టు. ముందు అన్నని లేపు. పోదాం."

"మీ అన్న తినలేదు."

"ఆఁ?"

"నేనూ తినలేదు. దాని మూతే తియ్యలేదు మేము."

"పప్పులో ఏస్తి, బాగుండె అంటివి!"

"పొద్దున్నే వచ్చి అడుగుతాంటివి. తినలేదంటే నొచ్చుకుంటావేమో అని అట్లంటి."

"నిజంగానా? నిజంగా తినలేదా? నా మీద ఒట్టెయ్యి."

"తినలేదే."

"అబ్బ... దేవుడా. వదినా, నువ్వు నన్ను బతికించినావు. మరి సీసా యాడ? నింగమ్మకి నిండు సీసానే ఇచ్చేసినావా? లే, పోయి అడుగుదాం."

"నింగమ్మకి ఇయ్యలేదు."

"మరి?"

"చెప్పనని మాటిచ్చినా."

"ఎవరికి మాటిచ్చినావు? ఇంతసేపు నేను చెప్పింది ఇన్నావు కదా. ఎవరి దగ్గరుండాది వదినా ఆ సీసా?"

"నేత్రా, నువ్వు కూర్చో ముందు."

"ఎవరి దగ్గర?"

"మనోజ్ఞ."

"మా మనోజ్ఞనా?"

"ఆదివారం హాస్టలు నుంచి వచ్చె కదా ఊటకి. కిటికీ కాడ చూసి, అత్తా ఇది ఎట్లొచ్చె అనింది. మీయమ్మ పంపించింది, సాయంత్రం పప్పులోకి తీస్తా అంటి. ఇది నాకియ్యి అత్తా, హాస్టల్లో కూర నోట్లో పెట్టేట్ల లేదు అని బలవంతం చేసి బ్యాగులో ఏసుకునె. అమ్మకి చెప్పొద్దు, ఒట్టెయ్యి అనె. తిండి బాగలేదంటే నువ్వు దిగులు పడతావని చెప్పొద్దంటాండాదేమో అనుకుంటి."

"ఆదివారం. ఆదివారం అంటే... తినేసి ఉంటాది వదినా. అది ఊరుకోదు. రూములో పిల్లలకి కూడా పెట్టింటాది. పూరా బిడ్డలంతా... యాడ నా ఫోను? యాడ పెడితి?"

"నీ చేతిలోనే ఉండాది."

"వదినకి చాల్లే అనుకున్నా. నా బిడ్డ కంచంలో పెట్టినాడు దేవుడు."

"నోరు మూసుకోని ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు."

"ఎత్తడం లేదు వదినా."

"క్లాసులో ఉంటాది. మళ్లా చెయ్యి."

"ఎత్తడం లేదు."

"మళ్లా చెయ్యే!"

"ఎత్తింది వదినా!"

"అమ్మా? ఏంది ఇన్ని సార్లు చేస్తాండావు? క్లాసులో నుంచి బయటికొచ్చినా. అందరూ బాగుండారా?"

"మనోజ్ఞా! నువ్వు బాగుండావా? కండ్లు కనిపిస్తాండాయా నీకు?"

"కండ్లా? బాగుండా. ఏమాయె?"

"గుజ్జు తిన్నావా? అత్త ఇంట్లో నుంచి ఎత్తుకోని పోయిండేది?"

"అత్త చెప్పేసిందా? చెప్పొద్దని ఒట్టేయించుకుంటి!"

"తిన్నావా లేదా చెప్పు!"

"తినలేదమ్మా. ఎట్ల తింటా? హాస్టలు వెనకాల గుంత తీసి, సీసాతో పాటు పూడ్చేసినా ఆ పొద్దే."

"పూడ్చినావా? ఎవరికీ పెట్టలేదా?"

"ఎవరికీ పెట్టలేదు."

"మరి ఎందుకు ఎత్తుకోని పోయినావు?"

"ఎందుకంటే... అది టక్కుమనలేదు కదమ్మా. పచ్చ మూత దాని మధ్యలో నొక్కితే దిగి మళ్లీ లేస్తాండె, నీకు నేనే చూపించింటి. అత్త ఇంట్లో చూసి నొక్కి చూస్తి. అదే. అత్తేమో సాయంత్రం పప్పులోకి అంటాండాది. ఏమని చెప్పల్ల నేను? నోటికి వచ్చిన అబద్ధం చెప్పి ఎత్తుకొస్తి."

"నాకన్నా చెప్పకూడదా?"

"చెప్పల్లనే అనుకుంటి. ఆ పొద్దు నుంచీ అదే ఆలోచన. చదువు మీద ధ్యాస లేదు. అడిగితే నువ్వు ఏం చెప్తావో అని భయమాయె. అమ్మా, అన్నీ ఒక్క గూట్లోనే పెట్టింటివి కదా. నాన్న తొందర పెట్టింటాడు. చేతికి దొరికిందాన్ని తీసి ఇచ్చేసినావు. మర్చిపోయినావు, అంతే కదా?"

"..."

"అమ్మా? ఉండావా? మరుపే కదమ్మా?"

"నేత్రా, ఇట్లియ్యి ఫోను. ఇయ్యి... మనోజ్ఞా, నేను అత్తని. మరుపే తల్లీ. మీయమ్మ వచ్చినప్పటి నుంచీ నాకు అదే చెప్పి ఏడుస్తాండాది. నువ్వు క్లాసుకి పో."